స్పృహ తప్పింది సరే, ఎరుక ఎటు పోయింది?

ప్రశ్న: నా వయసు 47. ఐదు నెలల క్రితం గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో ఉండగానే గుండె ఆగిపోయింది. ఛాతీ మీద నొక్కి, షాక్ ఇచ్చి, ఆరు నిమిషాలకి మళ్ళీ కొట్టుకునేలా చేశారట. ఆ ఆరు నిమిషాల్లో నన్ను నేను పైనుంచి చూసుకున్నాను. చుట్టూ మనుషులు, హడావిడి. ఒకావిడ కళ్ళజోడు జారి కింద పడితే ఇంకొకరు దాన్ని కాలితో పక్కకి నెట్టారు. తరవాత ఒక వెలుతురు. ఎక్కడా నొప్పి లేదు. చనిపోయి పదకొండేళ్ళయిన మా నాన్న అక్కడ ఉన్నారు. ముఖం కనబడలేదు గానీ ఆయనే అని తెలుసు. "నువ్వెళ్ళు" అన్నట్టనిపించింది. కళ్ళు తెరిస్తే వెంటిలేటర్ మీద ఉన్నాను.

ఇది మా ఆయనకి చెప్పాను. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా నా కథ ఆయనే చెప్తున్నారు. ఆత్మ ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలంటారు. కళ్ళజోడు సంగతి ఆసుపత్రిలో వాకబు చేస్తే నిజమేనన్నారట. బయాలజీ చదువుతున్న మా అమ్మాయేమో ఆక్సిజన్ అందక మెదడు పడిన భ్రమ అమ్మా అది అంటుంది. భోజనాల దగ్గర ఇద్దరూ వాదించుకుంటుంటే నేను కంచం వైపు చూస్తూ కూర్చుంటున్నాను. నేను చచ్చి బతికానా? చూసింది నిజమేనా? మెదడు ఆగిపోయినా మనం ఉంటామా? ఇంకొక్కటి, ఇది ఎవరికీ చెప్పలేదు. వెనక్కి రావాలని నాకు అనిపించలేదు. (పేరు వద్దు)

జవాబు:

ఆ చివరి మాటతోనే మొదలుపెడతానండీ, ఉత్తరమంతా దాని కోసమే రాశారని నా అనుమానం. వెనక్కి రావాలనిపించలేదంటే మీ ఆయన మీదా పిల్ల మీదా ప్రేమ లేనట్టు కాదు. ఇలాంటి అనుభవం అయినవాళ్ళు చాలామంది సరిగ్గా ఇదే మాట, ఇలాగే గొంతు తగ్గించి చెప్తారు. నొప్పి లేని చోటు, పోయిన నాన్న ఉన్న చోటు. అక్కణ్ణించి నొక్కి నొక్కి హూనమైన పక్కటెముకల్లోకి, గొంతులో గొట్టంలోకి తిరిగి రమ్మంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది చెప్పండి. సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు. దీని సంగతి మళ్ళీ మాట్లాడతాను.

మీరు చనిపోయారా అంటే, లేదు. గుండె ఆగడం చావుకి మొదటి మెట్టు, అంతే. గుండె ఆగిన పది పన్నెండు సెకన్లలో మనిషి పడిపోతాడు, ఇంకాసేపటికి మెదడు పైపొరలో కరెంటు చప్పబడుతుంది. కణాలు మాత్రం అప్పటికప్పుడు చచ్చిపోవు. పైగా మీ ఛాతీ మీద ఎవరో ఆపకుండా నొక్కుతూనే ఉన్నారు. బాగా చేసిన సీపీఆర్‌తో గుండె మామూలుగా పంపే రక్తంలో పావు వంతో, మూడో వంతో ఒంట్లో తిరుగుతుంది. అందుకే "ఆరు నిమిషాలు మెదడు లేదు" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అది ఎంత పనిచేసిందో ఎవరూ కొలవలేదు. చావు దారిలో కొంత దూరం వెళ్ళి తిరిగొచ్చారు మీరు. ఆ దూరం గురించి చెప్పగలిగినవాళ్ళు ఎప్పుడూ తిరిగొచ్చినవాళ్ళే కాబట్టి, అవతలి ఒడ్డు సంగతి అడగడానికి మనకి ఎవరూ దొరకరు.

ఇప్పుడు భోజనాల దగ్గర గొడవ. మీ ఆయనా మీ అమ్మాయీ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారనిపిస్తోంది, రెండు వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. మన భాషలో వాటికి వేరు వేరు మాటలున్నాయి కూడా: స్పృహ, ఎరుక. పిలిస్తే పలకడు, గిల్లితే కదలడు, అప్పుడు స్పృహ లేదంటాం. అది బయట నిలబడ్డవాళ్ళు చూసి చెప్పే మాట. ఎరుక లోపలిది. నాకు తెలుస్తోందన్నది నాకే తెలియాలి. కల కంటున్నవాడికి స్పృహ ఉండదు, వెనక పులి తరుముకొస్తోందన్న ఎరుక మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇది మాటల గారడీ కాదు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త, ప్రమాదంలో మెదడు దెబ్బతిని నెలల తరబడి ఏ జవాబూ ఇవ్వని ఒక యువతిని స్కానర్‌లో పెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నాడు. మామూలు మనుషులు అలా ఊహించుకున్నప్పుడు మెదడులో ఎక్కడ వెలుగుతుందో ఆమెకీ సరిగ్గా అక్కడే వెలిగింది. వేలు కదపలేదు, రెప్ప వెయ్యలేదు, లోపల మాత్రం విని, అర్థం చేసుకుని, చెప్పింది చేసింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఏ ఆదేశానికీ పలకని 241 మందికి ఇలాంటి పరీక్షలు పెడితే 60 మందిలో, అంటే నలుగురిలో ఒకరిలో, లోపల జవాబు దొరికింది. కాబట్టి మీ కేస్ షీట్‌లో స్పృహ లేదని రాసినంత మాత్రాన ఎరుక లేదని అర్థం కాదు. మీ ఆయనకి ఇది సంతోషం కలిగించే మాటే, కాకపోతే ఒక మెలిక ఉంది. ఆ యువతిలో ఎరుక కనబడింది మెదడులోనే కదా.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. ఆక్సిజన్ తగ్గడమన్న సమాధానం తప్పు కాదు, చాలదు, అంతే. 2001లో పిమ్ వాన్ లోమెల్ అనే డచ్ గుండె డాక్టరు, గుండె ఆగి బతికిన 344 మందిని కదిపితే అందులో 62 మందికి, అంటే వందలో 18 మందికి ఇలాంటి అనుభవం ఉంది. అందరికీ ఆక్సిజన్ తగ్గింది, మరి మిగతా 282 మంది సంగతేమిటి? మరిచిపోయి ఉండొచ్చు, అది న్యాయమైన జవాబే. ఎంతసేపు గుండె ఆగిందన్నదానికీ ఎవరికి ఈ అనుభవం వచ్చిందన్నదానికీ మాత్రం అక్కడ పొత్తు కుదరలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, ఆల్ప్స్ కొండల్లో జారిపడి బతికిన స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్, తనలాగే పడి బతికినవాళ్ళ మాటలు పోగుచేసి 1892లో అచ్చేశాడు. భయం లేదు, కాలం సాగిపోయింది, బతుకంతా కళ్ళ ముందు తిరిగింది అన్నారు వాళ్ళు. గాల్లో ఉన్న ఆ కొన్ని సెకన్లలో వాళ్ళ మెదడుకి ఆక్సిజన్ నిక్షేపంగా అందుతూనే ఉంది మరి.

అలాగని మెదడుకి సంబంధం లేదనీ అనలేం. 2002లో స్విట్జర్లాండ్‌లో ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛరోగం ఉన్న ఒకామె మెదడులో, కుడి చెవికి కాస్త పైన ఒక చోట, సన్నగా కరెంటు పెడితే ఆమె తన ఒంటిని పైనుంచి చూశానంది. కాళ్ళూ నడుం కింది భాగమే కనబడుతున్నాయంది. కరెంటు ఆపితే అదీ ఆగింది. జేమ్స్ విన్నరీ అనే అమెరికన్ డాక్టరు యుద్ధవిమాన పైలట్లని పెద్ద యంత్రంలో గిరగిరా తిప్పి, తల్లోంచి రక్తం దిగిపోతే ఏమవుతుందో ఏళ్ళ తరబడి చూశాడు. పడిపోయేది పన్నెండు సెకన్లో ఎంతో, ఆ కాస్తలోనే చూపు సొరంగంలా ముడుచుకోవడం, తేలిపోతున్నట్టుండడం, చిన్న చిన్న కలలు, మేలుకున్నాక ఒక హాయి. మీ అమ్మాయి చేతికి ఇవి మంచి ఆయుధాలే. కానీ ఒక అనుభవం మెదడులో ఎక్కడ పుట్టిందో చూపించినంత మాత్రాన అది భ్రమైపోదు. రేపు మీరు మామిడి చెట్టుని చూస్తున్నప్పుడు మీ మెదడులో ఏ మూల వెలుగుతోందో చూపించి, కాబట్టి చెట్టు లేదు అంటే ఒప్పుకుంటామా?

ఇక మీ ఆయన. ఆయన వాదమంతా ఒక్క మాట మీద నిలబడింది: "ఆ ఆరు నిమిషాల్లో". ఆ అనుభవం ఆ ఆరు నిమిషాల్లోనే జరిగిందని ఎవరు చెప్పారు? మీ జ్ఞాపకం. జ్ఞాపకానికి గడియారం ఉండదండీ. అది గుండె ఆగేముందు క్షణాల్లోదై ఉండొచ్చు, సీపీఆర్‌తో రక్తం అందుతున్నప్పటిది కావచ్చు, గుండె మళ్ళీ అందుకున్నాక మత్తులోంచి తేలుతున్నప్పటిదీ కావచ్చు. నేనొకసారి రక్తం ఇచ్చి, ఆత్రంగా లేచి నిలబడబోయి ధబీమని పడ్డాను. పది సెకన్లన్నారు పక్కవాళ్ళు. నాకు మాత్రం అదో పెద్ద ప్రయాణం: బస్సు, కిటికీ పక్క సీటు, దారిలో ఏవో మాటలు, చివర్లో ఎవరో నా పేరు పిలుస్తూ బస్సు వెంట పరిగెత్తుకు రావడం. పేరు పిలిచింది నర్సు. కథ నడుస్తుండగా ఆ పిలుపు వచ్చి అందులో చేరిందా, లేక పిలుపు విన్నాకే దానికి సరిపడా కథంతా వెనక్కి అల్లుకుందా? మీ ఆరు నిమిషాల దగ్గరా ఇదే ముడి.

ఈ ముడి విప్పడానికే సామ్ పార్నియా అనే డాక్టరు ఆసుపత్రుల్లో పైకప్పు దగ్గర అరలు కట్టించి, పైనుంచి చూస్తే తప్ప కనబడని బొమ్మలు పెట్టించాడు. నిజంగా పైకి తేలినవాళ్ళు ఆ బొమ్మేమిటో చెప్పాలి కదా! 2014లో ఫలితాలు వచ్చాయి. గుండె ఆగిన కేసులు 2060, బతికి మాట్లాడగలిగినవాళ్ళు 140 మంది. అప్పుడు జరిగినవి చూశాం, విన్నాం అని వివరంగా చెప్పినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరికీ గుండె ఆగింది బొమ్మల అరలు లేని గదుల్లో. (ఇలాంటప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.) 2023లో ఇంకోసారి, ఈసారి బొమ్మలతో పాటు చెవుల్లో మాటలు కూడా వినిపించారు. 567 మందిలో బతికినవాళ్ళు 53, మాట్లాడగలిగినవాళ్ళు 28. బొమ్మని ఎవరూ చెప్పలేదు. వినిపించిన మాటల్ని ఒక్కరు చెప్పారు. అదే అధ్యయనంలో, సీపీఆర్ మొదలుపెట్టి 35 నిమిషాలు, గంట అయినా కొందరి మెదడులో మెలకువగా ఉన్నప్పటి లాంటి అలలు మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. ఆగిపోయిందనుకున్న మెదడు మధ్యమధ్యలో లేచి కూర్చుంటోందన్న మాట.

చెవి చివరిదాకా ఉంటుందని పెద్దలంటారు. 2020లో కెనడాలో, ఇంకొన్ని గంటల్లో పోతారనగా పలకడం మానేసినవాళ్ళ మెదడు అలలు చూస్తే, శబ్దాలకి వాళ్ళలో కొందరి మెదడు ఇంకా స్పందిస్తూనే ఉంది. ఇప్పుడు మీ కళ్ళజోడు చూడండి. కింద పడ్డప్పుడు టపీమని చప్పుడైంది, ఎవరో "అయ్యో నా కళ్ళజోడు" అని ఉంటారు, ఎవరో పక్కకి నెడితే నేల మీద గీసుకుపోయింది. విన్న ఈ ముక్కల్ని మెదడు బొమ్మ కట్టగలదు, రోజూ రాత్రి కలల్లో చేసే పనే. ఇలాగే జరిగిందనను. ఇలా జరగడానికి వీలుందంటున్నాను, వీలున్నంత వరకూ అది రుజువు కాదు. ఇంకో చిన్న అనుమానం, కోప్పడకండి. ఆ కళ్ళజోడు మాట మొదట ఎవరి నోట వచ్చింది? మీరు చెప్పాక మీ ఆయన వాకబు చేశారా, లేక ఆయన అక్కడ విన్నది మీ మంచం పక్కన ఎవరితోనో అంటుంటే సగం మత్తులో మీ చెవిన పడిందా? ఐదు నెలల్లో పాతికమందికి చెప్పిన కథలో ఏ పోగు ఎప్పుడు చేరిందో విడదియ్యడం కష్టం. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు, జ్ఞాపకం తీరే అంత.

నాన్నగారి గురించి కూడా ఒకటి చెప్పాలి. సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్ అనే పరిశోధకులు 1986లో మన దేశంలోని 16 కేసులు ప్రచురించారు. వాటిలో చాలామందిని యమభటుల్లాంటివాళ్ళు తీసుకెళ్ళారు, అక్కడ చిట్టా చూసి "తెమ్మన్నది ఇతన్ని కాదు" అని తిప్పి పంపారు. అమెరికావాళ్ళ కథల్లో ఈ గుమాస్తా పొరపాటు ఉండదు, నీకింకా టైమ్ కాలేదనో, నీ వాళ్ళకి నీ అవసరముందనో వెనక్కి పంపుతారు. లోపలి అనుభవం ఎక్కడైనా దగ్గరదగ్గరగా ఒకటే అనుకున్నా, దానికి తొడుక్కునే బట్టలు మాత్రం ఎవరి ఇంటివి వాళ్ళవే. మీకు వెళ్ళమని చెప్పింది మీ నాన్న. ఇంకెవరు చెప్పినా మీరు వినేవారా?

మెదడు ఆగినా మనం ఉంటామా అన్నదాని దగ్గర పెద్దపెద్దవాళ్ళే చతికిలపడ్డారు, మనకేం నామోషీ లేదు. మెదడులో కరెంటు, రసాయనాలు, అన్నీ కొలవచ్చు. కానీ ఆ కరెంటు లోపలివాడికి ఎర్రగా కనబడ్డమో, నొప్పిగా ఉండడమో ఎందుకవ్వాలి? దీన్నే డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త 1995లో "కఠినమైన సమస్య" అన్నాడు. 1998లో ఆయనతో క్రిస్టాఫ్ కాక్ అనే మెదడు శాస్త్రవేత్త, పాతికేళ్ళలో ఎరుకకి మెదడులోని ఆనవాలు స్పష్టంగా దొరుకుతుందని ఒక పెట్టె వైన్ పందెం కాశాడు. 2023లో ఓడానని ఒప్పుకుని వైన్ ఇచ్చేశాడు. చామర్స్ గెలిచాడంటే ఆత్మ గెలిచినట్టు కాదు, ప్రశ్న ఇంకా నిలబడి ఉందని మాత్రమే. అదే ఏడాది మిషిగన్‌లో జిమో బోర్జిగిన్ బృందం, వెంటిలేటర్ తీసేశాక చనిపోయిన నలుగురి మెదడు రికార్డులు చూసి, ఇద్దరిలో చివరి క్షణాల్లో గామా అలలు ఒక్కసారిగా ఎగిశాయని చెప్పింది. ఎరుకతో ముడిపడ్డవని అనుకునే అలలవి. వాళ్ళు ఏం చూశారో మాత్రం ఎవరూ అడగలేకపోయారు. ఇంతకుముందు చెప్పాను కదా, తిరిగొచ్చినవాళ్ళే మాట్లాడగలరు.

ఎ.జె. ఏయర్ అని పేరున్న బ్రిటిష్ తత్వవేత్త, పచ్చి నాస్తికుడు, 1988లో ఆసుపత్రిలో తింటున్న చేప ముక్క గొంతుకి అడ్డంపడి నాలుగు నిమిషాలు గుండె ఆగి బతికాడు. భరించలేనంత ఎర్రటి వెలుగు చూశానని, విశ్వాన్ని నడిపిస్తున్నది అదేనని తనకి తెలిసిందని తనే రాసుకున్నాడు. తరవాత దేవుణ్ణి నమ్మాడా? లేదు, నాస్తికుడిగానే ఉన్నాడు. చూసింది దాచుకోలేదు, దాన్నుంచి వెంటనే సిద్ధాంతం చెయ్యనూ లేదు. నాకు ఆయన పద్ధతి నచ్చింది. మీ ఇంట్లో మిగతా ఇద్దరికీ లేనిది అదే. ఒకరికి మీ అనుభవం రుజువు, ఇంకొకరికి అది లక్షణం. అది మీకెలా ఉందని ఎవరూ అడిగినట్టు లేదు.

అందుకని మీ ఆయనకి నెమ్మదిగా చెప్పండి: "ఇకనుంచి నా కథ నేనే చెప్తాను, మీరు చెప్పకండి." నొచ్చుకుంటారు, కాసేపే. నిజానికి ఆయన ఆ ఆరు నిమిషాలు తలుపు బయట నిలబడ్డ మనిషి. భార్య పోయిందనుకున్నవాడికి, ఎక్కడికీ పోలేదు పైనే ఉండి చూస్తోంది అన్న కథ ఎంత అవసరమో ఆలోచించండి. మీ అమ్మాయిదీ అంతేనేమో, అమ్మకి ఏమీ కాలేదు, కాస్త ఆక్సిజన్ తగ్గిందంతే అనుకుంటే తనకి నిద్రపడుతుంది. వాళ్ళు వాదించుకుంటున్నది ఆత్మ గురించి కాకపోవచ్చు.

వెనక్కి రావాలనిపించలేదన్న మాట ముందు ఎవరో ఒక్కరితో అనండి. అమ్మాయితో అయితే మేలనుకుంటాను, వెంటనే "అంటే నీకు మేం అక్కర్లేదా" అంటుంది, అననివ్వండి, ఆ తరవాత మీ నాన్నగారి సంగతి చెప్పండి. ఒక్కటి మాత్రం మీరే గమనించుకోవాలి. ఆ హాయి గుర్తొచ్చి దిగులేస్తే అది బెంగ. ఇక్కడ బతకబుద్ధి కావట్లేదు, పోతే బాగుండు అనిపించడం మొదలైతే అది వేరు, అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకి చెప్పండి. గుండె ఆగి బతికినవాళ్ళలో దిగులు, ఆందోళన, మతిమరుపు, నిద్రపట్టకపోవడం మామూలుగా వచ్చేవే, వాటికి వైద్యం ఉంది. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు గుండె గురించే కాకుండా వీటి గురించి కూడా మీరే కదిపి అడగండి, వాళ్ళంతట వాళ్ళు అడక్కపోవచ్చు.

ఇంకో పని. ఒక నోట్‌బుక్ తీసుకుని, పైన తేదీ వేసి, మీకు గుర్తున్నదంతా మీ మాటల్లో రాయండి. వెలుతురు, సొరంగం, ఆత్మ లాంటి అరిగిపోయిన మాటలు రాయబోయినప్పుడల్లా ఆగి, అప్పుడు నిజంగా ఎలా అనిపించిందో వెతుక్కోండి. వెలుతురు ఎటువైపు నుంచి వచ్చింది, నాన్న నిలబడ్డారా కూచున్నారా, "నువ్వెళ్ళు" అన్నది వినబడిందా, ఊరికే తెలిసిందా. ఖచ్చితంగా గుర్తున్నదాని కింద ఒక గీత గీయండి, తరవాత ఎవరో చెప్పగా చేరిందేమో అనిపించినదాని కింద రెండు గీతలు. కళ్ళజోడు ఫ్రేము ఏ రంగో మీకు గుర్తుంటే అది కూడా రాసెయ్యండి, మీ ఆయన్ని అడక్కముందే.